కుంటాల చూశాక కనకాయికి ఎలా వెళ్లాలి?

ఆదిలాబాద్ జిల్లాకు వచ్చినవాళ్లలో చాలామంది కుంటాల జలపాతం చూసి వెనక్కి తిరుగుతారు. కుంటాల ఉన్న కడెం వాగు మీదే, ఇంకా ఎగువన, బజార్‌హత్నూర్ మండలం గిర్నూర్ దగ్గర కనకాయి జలపాతం ఉంది. కుంటాల ఎత్తు దాదాపు 45 మీటర్లు. కనకాయి ఎత్తు అంతకంటే చాలా తక్కువే గానీ, వెడల్పాటి బండలు, కింద గుండం, చుట్టూ అడవి. అక్కడ మనల్ని వారించే మనిషి ఉంటాడని అనుకోవద్దు. మన జాగ్రత్త మనదే.

ఎప్పుడు వెళ్లాలి?

మొదటిసారి వెళ్లేవాళ్లకు అక్టోబరు, నవంబరు నెలలు మేలు. అప్పటికి వానలు తగ్గుతాయి, నీళ్లు ఇంకా ఉంటాయి. జులై, ఆగస్టుల్లో వాగు ఉధృతంగా ఉంటుంది, వద్దు.

ఏమేం కావాలి?

- అడుగున గాళ్లు ఉన్న బూట్లు (చెప్పులు నాచు మీద జారతాయి)
- మనిషికి 2 లీటర్ల నీళ్లు, తినడానికి ఏదైనా
- చేతికర్ర, టార్చి
- ఫోన్‌కు, తాళాలకు ప్లాస్టిక్ కవరు
- చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక సంచి

ఎలా వెళ్లాలి?

1. ముందురోజు రాత్రి నిర్మల్‌లోనో ఆదిలాబాద్‌లోనో ఆగుదాం. తెల్లవారగానే బయల్దేరితేనే రెండూ చూడగలం.

2. నేరడిగొండ దగ్గర 44వ జాతీయ రహదారి దిగి, ముందు కుంటాల చూద్దాం. అక్కడ నీటి రంగు గమనించండి. ఎర్రమట్టి నీళ్లు పోటెత్తుతుంటే ఎగువన వాన పడ్డట్టే. కనకాయి ఆలోచన ఆ రోజుకు మానేద్దాం.

3. నీళ్లు తేటగా ఉంటే మళ్లీ హైవే ఎక్కి ఇచ్చోడకు వెళ్దాం. పెట్రోలు, భోజనం అక్కడే చూసుకోవాలి. ఎక్కడికి వెళ్తున్నామో, ఎన్నింటికి తిరిగొస్తామో ఇంట్లో చెప్పేది కూడా ఇక్కడి నుంచే. ముందుకెళ్లాక సిగ్నల్ అందకపోవచ్చు.

4. ఇచ్చోడ నుంచి గిర్నూర్ చేరి, అక్కడ బండి ఆపి, "వాగు ఎట్లుంది?" అని ఊరివాళ్లను అడుగుదాం. దారి తెలిసిన ఒకరిని వెంట రమ్మని, కూలి ముందే మాట్లాడుకోవాలి. ఊరివాళ్లు వద్దంటే ఆగిపోవాలి.

5. కాలిబాటన నడిచేటప్పుడు చేలల్లో అడ్డంగా పోవద్దు. నల్లరేగడి తడిస్తే బూట్లకు ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది. ఆగి, కర్రతో గీకేసి నడవండి.

6. జలపాతం చేరగానే నీటి అంచున ఒక రాయి పెడదాం. 10 నిమిషాలకోసారి చూడాలి. రాయి తడిసినా, నీళ్లు మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా వెంటనే గట్టెక్కాలి.

7. మధ్యాహ్నం 3 దాటకుండా వెనుదిరుగుదాం. అడవిలో చీకటి తొందరగా పడుతుంది.

తరచూ చేసే పొరపాట్లు

- ఇక్కడ ఎండ ఉంది కదా అని ధీమా పడటం. కడెం బజార్‌హత్నూర్ ప్రాంతంలోనే పుడుతుంది. పుట్టుక దగ్గరి వాగు వాన పడిన కాసేపటికే పొంగుతుంది.
- ఈత వచ్చని గుండంలో దిగడం. పైన నీళ్లు కదలనట్టున్నా లోతు తెలియదు, అడుగున బండ సందులు కాళ్లను పట్టేస్తాయి.
- ఫొటో కోసం పై అంచుకు వెళ్లడం. నల్లగా నిగనిగలాడే బండంటే నాచు ఉన్నట్టే. బూడిదరంగు పొడి బండ మీదే నిలబడదాం.
- వాగు దాటి అవతలి గట్టుకు పోవడం. మొదటిసారి ఇవతలి గట్టునుంచే చూద్దాం. మధ్యలో నీళ్లు పెరిగితే తిరిగొచ్చే దారి ఉండదు.