దాదిమాను దగ్గర కాసేపు

సియాటిల్ వైపు కాపురమున్న మన తల్లిదండ్రులకు ఒక మాట. సెలవులొస్తే పిల్లల్ని ఒలింపిక్ నేషనల్ పార్కుకు తీసుకెళ్తారు కదా. అక్కడి హో వర్షారణ్యంలో "త్వరగా నడవవే, బీచ్‌కి వెళ్లాలి!" అని మా మనవరాలిని కసిరినదాన్ని నేనే. అది కదలలేదు. కూలిన మాను ముందు గొంతుకూర్చుంది.

మాను నిండా బుల్లి మొక్కలు, బారు తీరి. కింద నాచూ ఫెర్నులూ కమ్మేస్తే విత్తనానికి నేల మీద చోటేదీ? పడిన చెట్టే చోటిస్తుంది. వందల ఏళ్లకు ఆ మాను చివికి మాయమవుతుంది, దానిమీద మొలిచినవి మహావృక్షాలై ఒకే వరసలో నిలబడతాయి. ఇలాంటి మానును రేంజర్లు నర్స్ లాగ్ అంటారు. నాకు దాదిమాను అనాలనిపించింది. ఏడాదికి మూడున్నర మీటర్ల వాన పడే చోటది, మా గుంటూరు వానకు మూడింతల పైమాటే. చలిదేశం కాబట్టి మాను నిదానంగా చివుకుతుంది.

పిల్లలకు పర్యావరణం మీద ఉపన్యాసాలు వద్దు. చెయ్యి నాచు గిల్లబోయినప్పుడు అడవుల శాస్త్రవేత్త నళినీ నాద్కర్ణి కథ చెప్పండి. ఆవిడ తండ్రి మన దేశస్థుడే. తాళ్లతో ఈ చెట్లెక్కి, మేపుల్ కొమ్మలు తమ మీది నాచు పరుపులోకే వేళ్లు దించి తిండి తీసుకుంటాయని 1981లో లోకానికి చెప్పింది. పూలకొట్ల వాళ్ల కోసం అడవుల్లో నాచు ఒలిచేస్తుంటే, వాషింగ్టన్ రాష్ట్రంలోనే జైలు ఖైదీలతో నాచు పెంచి చూసింది. పీకిన నాచు మళ్లీ రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది మరి.

కాస్త పెద్ద పిల్లలుంటే కెనడా సంగతి చెప్పండి. 1995లో సైమన్ జాక్సన్ అనే పదమూడేళ్ల కుర్రాడు, గ్రేట్ బేర్ వర్షారణ్యంలోని తెల్ల ఎలుగుబంటి కోసం పిల్లల్ని కూడగట్టాడు. 2016 నాటి ఒప్పందంతో ఆ అడవిలో 85 శాతం గొడ్డలికి దూరమైంది. అదంతా అతనొక్కడి ఘనత కాదు. అక్కడి ఆదివాసులు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. ఆ మాటా దాచకండి. రేపు మీవాడు ఏ అడవి గురించైనా ప్రజాప్రతినిధికి ఉత్తరం రాస్తానంటే, మీరు రాసిపెట్టకండి. తప్పులతోనే పంపనివ్వండి.

హో అడవిలోని హాల్ ఆఫ్ మాసెస్ నడకదారి మైలు కూడా లేదు. బీచ్ మర్నాటికి పెట్టుకుని, ఈ దారికి పూటంతా ఇవ్వండి.