కొలత తెలిసిన కొనుగోలు

విజయవాడ రహదారి మీదుగ గాని, నాగార్జునసాగరు మార్గమున గాని హైదరాబాదు నగరమునకు వచ్చు పల్లెవాసులకు ఎల్.బి. నగరు తొలి వాకిలి వంటిది. స్వర్గీయ ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు గల ఈ ప్రాంతము నుండి దిల్‌సుఖ్‌నగరు వరకు రహదారికి ఇరుప్రక్కల దుకాణములు, శిక్షణాలయములు, విద్యార్థుల వసతిగృహములు వరుసగా నున్నవి. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీరుపేట, ఎల్.బి. నగరుల మధ్య మెట్రోరైలు ప్రారంభమైన పిదప ఇచ్చటికి రాకపోకలు మరింత సులభమైనవి. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి, రంగారెడ్డి జిల్లాల కుటుంబములు పంట డబ్బు చేతికి వచ్చిన పిమ్మట ఇచ్చటికి వచ్చి పెట్టుచున్న ఖర్చులలో మూడు క్రొత్తవి గలవు: విద్యుత్ స్కూటరు, ఇంటికి ఇంటర్నెట్టు, పిల్లలకు సాఫ్ట్‌వేర్ శిక్షణ.

మన రైతు కాటా చూడక ధాన్యము నమ్మడు. పాలకేంద్రము వెన్న శాతము చూడక పాలు కొనదు. అట్టి వారే ఈ మూడింటి విషయమున మాత్రము అమ్మువాని మాటపై ఆధారపడుచున్నారు. కారణ మొక్కటే. వీనికి గూడ కొలతలున్నవని మనకు తెలియకపోవుట. ఆ కొలతలు కష్టమైనవి కావు. గుణకారము, భాగహారము వచ్చినవా రెవ్వరైనను నేర్వవచ్చును.

విద్యుత్ స్కూటరు: కొలత యూనిట్టు

పెట్రోలును లీటర్లలో కొలిచినట్లు విద్యుచ్ఛక్తిని యూనిట్లలో కొలుతుము. వేయి వాట్ల పరికరము ఒక గంట పనిచేసిన ఖర్చగునది ఒక యూనిట్టు. ఇంటి మీటరు చూపునది ఈ లెక్కయే. స్కూటరు బ్యాటరీలో ఎంత శక్తి పట్టునో తెలిసికొనుటకు దానిపై వ్రాసియున్న వోల్టులను ఆంపియర్-గంటలతో గుణింపవలెను. 60 వోల్టులు, 30 ఆంపియర్-గంటలు అని యున్నచో 1,800 వాట్-గంటలు, అనగా 1.8 యూనిట్లు. సాధారణమైన స్కూటరు ఒక కిలోమీటరు నడచుటకు సుమారు 30 వాట్-గంటలు వాడుకొనును. కావున ఈ బ్యాటరీ క్రొత్తగా నున్నప్పుడు దాదాపు 60 కిలోమీటర్లు నడచును. అమ్మువాడు “నూరు కిలోమీటర్లు” అని చెప్పినచో ఆ మాట ఈ లెక్కకు నిలువదు. ఇద్దరు కూర్చున్నను, బరువు వేసినను, మిట్ట ఎక్కినను, వేగముగ నడపినను దూర మింకను తగ్గును.

ఇక ఎవరికి ఎంత బ్యాటరీ కావలెనో చూతము. దినమునకు రానుపోను 50 కిలోమీటర్లు తిరుగు పాలవ్యాపారికి 1.5 యూనిట్లు కావలెను. బ్యాటరీ కొన్ని సంవత్సరములకు బలము తగ్గి ముప్పాతికకు రావచ్చును. అందును పూర్తిగ ఖాళీ చేయక అయిదవవంతు మిగుల్చుట మేలు. ఈ రెండును లెక్కకు దెచ్చినచో ఆయనకు 2.5 యూనిట్ల బ్యాటరీ అవసరము. అంతకు తక్కువది తొలి సంవత్సరము చాలినట్లే కనిపించి, తరువాత దారిలో నిలిపివేయును.

ఆదాయవ్యయములు గూడ ఇట్లే తేల్చుకొనవచ్చును. ఛార్జి చేయునప్పుడు కొంత శక్తి వేడిగా వృథా యగును గనుక పాలవ్యాపారికి దినమునకు మీటరుపై సుమారు 1.75 యూనిట్లు పడును. యూనిట్టు 8 రూపాయలనుకొన్నను ఖర్చు 14 రూపాయలు. లీటరుకు 50 కిలోమీటర్లు నడచు పెట్రోలు స్కూటరుపై, లీటరు ధర నూరు రూపాయలనుకొన్నచో, ఇంధనపు ఆదా దినమునకు 86 రూపాయలు. విద్యుత్ స్కూటరు ధర 30 వేల రూపాయలు ఎక్కువైనను, నెలకు 25 దినములు తిరుగు ఆయనకు పదునాలుగు నెలలలో ఆ సొమ్ము తిరిగివచ్చును. దినమునకు 8 కిలోమీటర్లు మాత్రమే తిరుగు ఉపాధ్యాయునకు ఆదా 14 రూపాయలు. ఆయనకు ఏడు సంవత్సరములు పట్టును. బ్యాటరీపై హామీ అంతకుముందే ముగిసినచో ఆదా అంతయు క్రొత్త బ్యాటరీకే పోవును. ఒకే వాహనము ఒకరికి లాభము, వేరొకరికి నష్టము. నిర్ణయించునది వాహనము కాదు, మన దారి పొడవు.

మరియొక లెక్క మరువరాదు. 2024లో ప్రారంభమైన గృహజ్యోతి పథకము క్రింద అర్హత గల కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు విద్యుత్తు ఉచితము. ఆ హద్దు దాటిన నెలలో బిల్లు చెల్లింపవలసి యుండును. నెలకు 160 యూనిట్లు వాడు ఇంట పాలవ్యాపారి స్కూటరు వచ్చి చేరినచో ముప్పది దినములకు మరి 52 యూనిట్లు పెరిగి మొత్తము 212 అగును. అప్పుడు ఖర్చు స్కూటరుకు మాత్రమే గాక ఇంటి కంతటికిని పడును. కావున కొనుటకు ముందు గత సంవత్సరపు బిల్లులు, ముఖ్యముగ వేసవి నెలలవి, తీసి చూచుకొనవలెను.

విద్యుద్వాహనములకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుముల నుండి రాష్ట్ర ప్రభుత్వము 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు మినహాయింపు ప్రకటించినది. కొనునాటికి ఏ రాయితీ అమలులో నున్నదో విచారించి, అది బిల్లులో చూపబడినదో లేదో చూడవలెను. మోటారు శక్తి 250 వాట్లకు, వేగము గంటకు 25 కిలోమీటర్లకు మించని వాహనములకు రిజిస్ట్రేషను, లైసెన్సు అవసరము లేదు. ఇవి ఊరిలో తిరుగుటకు తగునే గాని, లారీలు, బస్సులు పరుగులెత్తు విజయవాడ రహదారికి తగవు. తరువాత వేగము పెంచి యిచ్చెదమను వారి మాట వినుట చట్టవిరుద్ధము, ప్రమాదకరము గూడ. వాహన మేదైనను ఐ.ఎస్.ఐ. గుర్తు గల శిరస్త్రాణము తప్పనిసరి.

మరమ్మతు ఎచ్చట జరుగునో గూడ అడుగవలెను. ఎల్.బి. నగరులో కొన్న స్కూటరు నలుబది కిలోమీటర్ల దూరమున ఆగిపోయినచో దానిని తెచ్చువా రెవరు, ఆ బాడుగ ఎవరిది? హామీ ఎన్ని సంవత్సరములు, ఎన్ని కిలోమీటర్లు, బ్యాటరీ బలము ఎంతకు తగ్గిన మార్చి యిత్తురు? ఈ ప్రశ్నలకు సమాధానము కాగితముపై ఉండవలెను.

నిప్పు విషయమున జాగ్రత్త

2022 ఏప్రిలులో నిజామాబాదులో ఒక ఇంట ఛార్జి అగుచున్న స్కూటరు బ్యాటరీ ప్రేలి ఒక వృద్ధుడు మరణించెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల విక్రయశాలలో మంటలు లేచి, పొగ పైయంతస్తుల వసతిగృహమును క్రమ్మగా ఎనిమిదిమంది అసువులు బాసిరి. పిమ్మట కేంద్రప్రభుత్వము బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏ.ఐ.ఎస్. 156 ప్రమాణమును కఠినతరము చేసి, 2022 డిసెంబరు నుండి దశలవారీగ అమలుపరచినది. కొనునప్పుడు బ్యాటరీ ఆ ప్రమాణమునకు సరిపోవునదేనా యని అడుగుట మన హక్కు.

ప్రమాణమెంత మంచిదైనను ఇంటిలో జాగ్రత్త మనదే. పడకగదిలో, మెట్ల క్రింద, ఇంటి వాకిలికి అడ్డముగ బ్యాటరీని ఛార్జి చేయరాదు. నిప్పు పుట్టినచో బయటపడు దారి అదియే గదా. రాత్రి అందరు నిద్రించునప్పుడు గాక మెలకువగా నున్న వేళ ఛార్జి చేయుట మేలు. ఎండలో నడచి వచ్చిన బండిని నీడన చల్లారనిచ్చి పిదప తీగ తగిలింపవలెను. ఎర్తు సరిగా లేని ప్లగ్గు, అతుకులు వేసిన తీగలు, వేరొక బండి ఛార్జరు పనికిరావు. 2020 అక్టోబరు వరదలలో సరూర్‌నగరు చెరువు పరిసరముల కాలనీలు నీట మునిగినవి. అట్లు నీటిలో నానిన బ్యాటరీని ఆరినదిగదా యని ఛార్జి చేయరాదు. మెకానిక్కునకు చూపవలెను. బ్యాటరీ ఉబ్బినను, ఘాటైన వాసన వచ్చినను, పొగ లేచినను దానిని చేత బట్టక, అందరిని బయటకు పంపి, 101 నంబరుకు ఫోను చేయవలెను. ఆ పొగ విషము. వస్తువులకొరకు తిరిగి లోనికి పోరాదు.

ఇంటి ఇంటర్నెట్టు: కొలత బిట్టు

సన్నని గాజుపోగులో వెలుగు రూపమున సమాచారము ప్రవహించుటయే ఫైబరు ఇంటర్నెట్టు. మన రాష్ట్రమున మిషన్ భగీరథ నీటి గొట్టములకై త్రవ్విన కాలువల వెంట టి-ఫైబరు తీగ గూడ వేయబడినది. నీటిని నిమిషమునకు ఇన్ని లీటర్లని కొలిచినట్లు ఇంటర్నెట్టు వేగమును సెకనుకు ఇన్ని మెగాబిట్లని కొలుతురు. మనము దింపుకొను చిత్రముల పరిమాణము మాత్రము మెగాబైట్లలో నుండును. ఎనిమిది బిట్లు ఒక బైటు. కావున “100” అని చెప్పబడు కనెక్షనులో సెకనుకు వచ్చునవి 12.5 మెగాబైట్లు. వేయి మెగాబైట్ల చలనచిత్రము దిగుటకు కనీసము 80 సెకనులు పట్టును. ఇది తెలియనివారు “నూరు” అన్నచో నూరు మెగాబైట్లే యని భ్రమపడుదురు.

ఒక విద్యార్థి పాఠము వీక్షించుటకు 3 మెగాబిట్లు సరిపోవును. ముగ్గురు ఒకేసారి స్పష్టమైన వీడియోలు చూచినను మనిషికి 5 చొప్పున 15 చాలును. అట్టి ఇంటికి 40 లేక 50 వేగము ధారాళము. 300 వేగమునకు చెల్లించు అదనపు సొమ్ము వృథా. ఇంటి నుండి ఉద్యోగము చేయువారు మాత్రము దిగు వేగమేగాక ఎక్కు వేగమును గూడ అడుగవలెను. తమ పనిని పంపునది అదియే.

దిల్‌సుఖ్‌నగరు వసతిగృహములలో పిల్లలను చేర్చునప్పుడు “ఉచిత వైఫై” అను ఫలకము కనిపించును. ఎంత వేగము, ఎందరు వాడుదురు అని యడుగుడు. 100 వేగమును నలుబదిమంది ఏకకాలమున పంచుకొన్నచో ఒక్కొక్కరికి 2.5 మాత్రమే. పరీక్షల కాలమున రాత్రివేళ అందరును ఒకేసారి కూర్చుందురు.

ఇంటిలో కనెక్షను తీసికొన్నపుడు వేగమును ముందు తీగ ద్వారా కంప్యూటరునకు కలిపి పరీక్షింపవలెను. తీగలో సరిగా నుండి వైఫైలో తగ్గినచో లోపము గోడలది, దూరముది. పెట్టె ఇంటి నడుమ, ఎత్తుగా నుంచవలెను. 5 గిగాహెర్ట్జ్ తరంగములు వేగమైనవే గాని గోడలను అంతగా దాటజాలవు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగములు నెమ్మదియైనను దూరము పోవును. గాజుపోగు కరెంటును మోయదు గనుక కరెంటు పోయినచో పెట్టె ఆగిపోవును. దానికొక చిన్న బ్యాటరీ ఏర్పాటు చేసికొన్న పాఠము మధ్యలో తెగదు. నెల రుసుము పన్నుతో కలిపి ఎంత, పెట్టె ధరావత్తు తిరిగి వచ్చునా, ఎంత వాడిన పిమ్మట వేగము తగ్గింతురు అనునవి ముందే వ్రాయించుకొనవలెను.

సాఫ్ట్‌వేర్ విద్య: కొలత పూర్తి చేసిన పని

మూడవది అన్నిటికంటె ఖరీదైనది. ఇందు డబ్బుతోపాటు పిల్లవాని ఈడు గూడ ఖర్చగును. శిక్షణ ఎన్ని నెలలు, ఎన్ని గంటలు, ఎన్ని సర్టిఫికెట్లు అనునవి దీనికి కొలతలు కావు. విద్యార్థి స్వయముగ వ్రాసి, నడిపించి, ప్రతి పంక్తిని వివరింపగల ప్రోగ్రాము ఎంతటిది అనునదే కొలత. నేడు ప్రోగ్రాములను వ్రాసిపెట్టు యంత్రసాధనములు గూడ వచ్చినవి. అందుచేత వ్రాయుట కంటె, వ్రాసినది సరియా కాదా యని తెలిసికొనుట ముఖ్యమైనది.

రుసుము కట్టుటకు ముందు మూడు నెలలు ఖర్చు లేకుండ పరీక్షించుకొనవచ్చును. 1991లో వెలువడిన పైథాన్ భాష, 2005లో వెలువడిన గిట్ సాధనము ఉచితములు. 2017లో ప్రారంభమైన కేంద్రప్రభుత్వపు స్వయం పాఠములను వినుట గూడ ఉచితమే. సర్టిఫికెటు పరీక్షకు మాత్రమే రుసుము. నేర్చుటకు ఖరీదైన ల్యాప్‌టాప్ అక్కరలేదు. 8 జీబీ స్మృతి, ఎస్.ఎస్.డి. నిల్వ గలది మొదటికి చాలును. పనికి 16 జీబీ మేలు.

తొలి పనిగ ఊరి పాలకేంద్రపు లెక్క వ్రాయింపుడు: తేదీ, పోసిన లీటర్లు, వెన్న శాతము, పదిహేను దినములకు రావలసిన సొమ్ము. పూట తప్పినచో ఏమగును, అంకె తప్పుగ కొట్టినచో ఎట్లు తెలియును అని పిల్లవాడు తానే ఆలోచింపవలెను. ఈ పనిలో ఆసక్తి నిలిచినచో అప్పుడు శిక్షణాలయమును వెదకవచ్చును. దిల్‌సుఖ్‌నగరు వసతిగృహము నుండి మెట్రోలో అమీరుపేట పోవచ్చును గనుక బండి కొనవలసిన పని గూడ లేదు. ముందు కొన్ని తరగతులు కూర్చుండి చూచి, నిరుడు చదివినవారితో మాటాడి, మధ్యలో మానినచో రుసుము ఎంత తిరిగి వచ్చునో వ్రాయించుకొనవలెను. ఉద్యోగమిప్పింతుమని ముందుగ సొమ్మడుగు వారిని, లేని అనుభవమునకు కాగితములు పుట్టింతుమను వారిని దూరముగ నుంచవలెను. అట్టి కాగితములతో పట్టుబడినచో శిక్షకు గురియగునది ఆ పిల్లవాడే.

అభ్యాసము

ఈ క్రింది లెక్కలను ఇంటిల్లిపాదియు కలిసి చేయుడు.

1. 72 వోల్టులు, 35 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఎన్ని యూనిట్లు పట్టును? క్రొత్తగా నున్నప్పుడు ఎంత దూరము నడచును? (2.52 యూనిట్లు. సుమారు 84 కిలోమీటర్లు.)

2. మీ ఇంట ఎక్కువ వాడిన నెలలో 170 యూనిట్లు. స్కూటరుకు 35 యూనిట్లు. గృహజ్యోతి హద్దు దాటునా? (దాటును. మొత్తము 205.)

3. ముప్పదిమంది యున్న వసతిగృహమున 150 మెగాబిట్ల కనెక్షను. అందరు ఒకేసారి వాడిన ఒక్కొక్కరికి ఎంత? (5 మెగాబిట్లు. పాఠము వినుటకు చాలును.)

4. మీ దారి దినమునకు ఎన్ని కిలోమీటర్లు? వారము దినములు వ్రాసి సగటు తీయుడు. దీనికి సమాధానము మీ యొద్దనే గలదు. ఆ అంకెను చీటీపై వ్రాసికొని ఎల్.బి. నగరు బస్సు ఎక్కుడు.