మెతుకంత టైము చాలు

రాత్రి మూడు గంటలు. పాప పాలు తాగింది. భుజాన వేసుకుని నిమిరితే తేన్పు వచ్చింది, కళ్లు మూసింది. తొట్టెలలోకి దించితే లేస్తుందేమోనని తల్లి అలాగే కూర్చుంది. ఎదురుగా అల్మారాలో గ్రూప్-2 పుస్తకాలు, వాటి మీద మడతపెట్టిన పొత్తిగుడ్డలు. ‘ఈ ఏడాదికి ఇంతే’ అనుకుంది. గోడవారన పడుకున్న భర్తకూ నిద్ర లేదు. పెడదామనుకున్న మొబైల్ రిపేర్ దుకాణం బోర్డు మంచం కిందికి చేరి రెండు నెలలైంది. ఆయనా అదే అనుకున్నాడు: ‘ఈ ఏడాదికి ఇంతే.’

మెదక్ పట్టణంలో ఈ మధ్యే ఇరవయ్యొక్కటో దినం చేసి బిడ్డను తొట్టెలలో వేసిన చాలా ఇళ్లలో ఈ మాట వినిపిస్తుంది. అది సగమే నిజం.

మనది మెతుకు సీమ. ఒకప్పుడు ఈ ఊరికి గుల్షనాబాద్ అని పేరు పెట్టినా జనం నోట మెతుకే నిలిచిందని, దాన్నుంచే మెదక్ అయిందని పెద్దలు చెబుతారు. పసిబిడ్డ ఉన్న ఇంటికి ఆ మాట బాగా సరిపోతుంది. ఆ ఇంట్లో తీరిక గంపలతో రాదు, మెతుకులుగా రాలుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. కంచంలో మెతుకు పడిందంటే ఎవరో ఒకరు పొయ్యి దగ్గర నిలబడ్డారన్నమాట. ఈ రెండూ గుర్తుపెట్టుకున్న ఇంట్లో పుస్తకాలూ దుమ్ముపట్టవు, బోర్డూ మంచం కింద ఉండదు.

పాప గడియారం చదవండి

పుట్టిన బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది. వినడానికి బోలెడంత తీరికలా ఉంటుంది. కానీ ఆ నిద్రంతా రెండు మూడు గంటల ముక్కలే. 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. పాలివ్వడం, తేన్పు వచ్చేదాకా ఎత్తుకోవడం, గుడ్డ మార్చడం, జోకొట్టడం కలిపి ఒక్కో విడతకు ముప్పావు గంట అనుకుందాం. పది విడతలకు ఏడున్నర గంటలు. ఆదివారం లేని, రాత్రి షిఫ్టు కూడా కలిసిన ఉద్యోగమిది. ‘రోజంతా ఇంట్లోనే ఉంటున్నవ్ కదా’ అన్నవాళ్లకు ఈ లెక్క చెప్పండి.

అందుకే మొదటి ఆరు వారాలు సొంత పనికి సెలవు. ఒళ్లు కోలుకోవాలి, పాలు కుదురుకోవాలి. ఆపరేషన్ కాన్పయితే డాక్టరు చెప్పినన్నాళ్లు ఆగండి. బిడ్డ పడుకున్నప్పుడు తల్లి పడుకోవడమే ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ కాపాడాల్సిన కార్యక్రమం.

ఆ తర్వాత ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే క్యాలెండర్ మీ ఇంట్లోనే ఉంది. అదే టీకా కార్డు. పుట్టినప్పటి టీకాల తర్వాత 6, 10, 14 వారాలకు మళ్లీ ఆస్పత్రికి వెళ్తారు కదా. ఆరో వారం టీకా అయ్యాక రోజుకు ఒక్క మెతుకంత పని పెట్టుకోండి. పదో వారం కార్డు చేతికి తీసుకున్నప్పుడు భార్యాభర్తలిద్దరూ ఒకటే ప్రశ్న వేసుకోండి: నడుస్తోందా, భారమవుతోందా? భారమైతే సగానికి తగ్గించండి. నడుస్తుంటే పద్నాలుగో వారానికి రెండో మెతుకు చేర్చండి. టీకా రోజు, ఆ మర్నాడు పాపకు ఒళ్లు వెచ్చబడొచ్చు. ఆ రెండు రోజుల పనిని ముందే కొట్టేసుకుంటే ‘ఇవాళ కూడా కాలేదు’ అనే దిగులుండదు.

పనిని మెతుకులు చేయండి

మెతుకు అంటే పదిహేను నిమిషాలు. అందులో పట్టే పనికి పేరుండాలి. ‘గ్రూప్-2 చదవాలి’ అంటే ఏ పదిహేను నిమిషాల్లోనూ పట్టదు. ‘కాకతీయుల చెరువుల మీద రెండు పేజీలు’ పడుతుంది. ‘మగ్గం వర్క్ నేర్చుకోవాలి’ పట్టదు. ‘జాకెట్టు చేతి మీద ఒక్క పువ్వు’ పడుతుంది. ‘మిద్దెతోట పెంచాలి’ పట్టదు. ‘రెండు కుండీల్లో మెంతులు చల్లాలి’ పడుతుంది. ‘దుకాణం పెట్టాలి’ అని నెలల తరబడి అనుకునే బదులు ‘ఇవాళ ఇద్దరు ఓనర్లకు ఫోన్ చేసి కిరాయెంతో, అడ్వాన్సెంతో అడగాలి’ అని రాసుకోండి.

ఇక్కడ మూడు చిట్కాలు. మొదటిది, పని మొదలుపెట్టగానే దాని తర్వాతి అడుగేమిటో ఒక్క ముక్క రాసిపెట్టుకోండి. చివర్లో రాద్దామనుకుంటే కుదరదు. పాప ఏడ్చాక కలం వెతికే తీరిక ఎవరికీ ఉండదు. రెండోది, ఆ పనికి కావాల్సినవన్నీ ఒక సంచిలో వేసి తొట్టెలకు దూరంగా, కొక్కేనికి తగిలించండి. లేకపోతే కత్తెర వెతకడానికే పదిహేను నిమిషాలు పోతాయి. సూదులు, పూసలు బిడ్డకు అందని ఎత్తులో ఉండటం మరీ ముఖ్యం. మూడోది ఫోన్ సంగతి. రీళ్లు చూస్తూ గడిపిన నలభై నిమిషాలు విశ్రాంతి లెక్కలోకీ రావు, పని లెక్కలోకీ రావు. చూడొద్దని చెప్పను. చూసిందాన్ని చూశానని ఒప్పుకోండి, ‘టైమే దొరకలేదు’ అనకండి.

వండేది ఎవరు?

అసలు కీలకం ఇక్కడుంది. ‘తెల్లవారుజామున లేవండి, టైము దొరుకుతుంది’ అని చెప్పే సలహాలు పసిబిడ్డ ఉన్న ఇంట్లో చెల్లవు. ఆ ఇల్లు తెల్లవారుజాము దాకా మేలుకునే ఉంది. బాలింతకు టైము దొరకదు, ఎవరో ఒకరు ఇవ్వాలి.

తల్లిగారింట్లో ఉన్నన్నాళ్లు అమ్మ ఉంటుంది. నూనె రాసి, కాళ్ల మీద పండబెట్టుకుని తానం పోసి, సాంబ్రాణి పొగ వేసి, పాపను పడుకోబెట్టేదాకా ఆమెదే పని. అత్తగారింటికో, ఉద్యోగం ఉన్న ఊళ్లోని కిరాయి ఇంటికో వచ్చాక పరీక్ష మొదలవుతుంది. అప్పుడు అడగాలి. ‘నాకెవరూ సాయం చెయ్యరు’ అని గోడకు చెప్పుకోకుండా, టైము చెప్పి అడగాలి.

భర్తతో: “రాత్రి ఏడు నుంచి ఏడున్నర దాకా పాప నీదే. ఏడ్చినా నువ్వే చూడాలె. నేను మిద్దె మీద చదువుకుంట.”

అత్తతో: “అత్తమ్మా, పొద్దున తానం పోసినంక పాపను ఒక్క అరగంట మీ తాన ఉంచుకోండి. నేను మిషిన్ మీద కూసుంట.”

చాలా ఇళ్లలో వచ్చే జవాబు మనం భయపడినట్టు ఉండదు. “అరగంటేందే, గంట కూసో. ఆకలైతే పిలుస్త” అంటుంది అత్తమ్మ. ఇన్నాళ్లూ అడగలేదు కాబట్టి ఆమె ఇవ్వలేదు.

అయితే నాయనమ్మకూ సొంత పనులుంటాయి. ఆమె గుడికి పోయే వేళ, సీరియల్ చూసే వేళ తెలుసుకుని, ఆ అరగంట బిడ్డను ఆమె ఒళ్లో వేయకండి. ముగ్గురున్న ఇంట్లో ముగ్గురికీ తలో మెతుకు దక్కాలి. ఒకరి కంచం ఖాళీ చేసి మరొకరి కంచం నింపితే వారం తిరక్కుండానే గొడవ.

తండ్రులకు ఒక మాట. ‘సాయం చేస్తున్నా’ అనే పదం పక్కన పెట్టండి. సొంత బిడ్డను చూసుకోవడం ఎవరికీ చేసే సాయం అవదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి బిడ్డ పుట్టినప్పుడు 15 రోజుల పితృత్వ సెలవు ఉంది, ఆరు నెలల్లోపు వాడుకోవచ్చు. వాడుకోండి, ఆ పదిహేను రోజులూ పెండింగు పనుల మీద తిరగకండి. ఆటో తోలే తండ్రికి, కిరాణా కొట్టు నడిపే తండ్రికి అలాంటి సెలవు లేదు. కానీ రోజుకు అరగంట ఉంటుంది. ఆ అరగంటలో తల్లిని పిలవకుండా గుడ్డ మార్చడం, జోకొట్టడం వచ్చేస్తే పాపకూ మీ వాసన, మీ గొంతు అలవాటవుతాయి. మంచం కింది బోర్డు బయటికి తీయడానికి మీకూ ఓ అరగంట అడిగే ముఖం ఉంటుంది.

ఉద్యోగం చేసే తల్లులు తమ హక్కు తెలుసుకోవాలి. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించాక, పదిమందో అంతకన్నా ఎక్కువమందో పనిచేసే చోట మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల చొప్పున జీతంతో కూడిన సెలవు ఉంది. ఉద్యోగం లేని తల్లులకు అంగన్‌వాడీ ఉంది. ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు అక్కడ ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు. నామోషీ పడకండి. కడుపు నిండుతుంది, తోటి బాలింతలతో నాలుగు మాటలు కలుస్తాయి, వంటలో కాస్త టైమూ మిగులుతుంది. ఇక్కడ నిజంగానే మెతుకే మెతుకును ఇస్తుంది.

కిటికీలు తర్వాత పెట్టుకోవచ్చు

ఒక పొయ్యి మీద ఒక కుండే పెట్టండి. భార్యకొకటి, భర్తకొకటి, అంతకుమించి ఈ ఏడాది వద్దు. మిగతావన్నీ ఒక కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అవి ఎక్కడికీ పోవు.

ఆ ఒక్కటీ అచ్చంగా, అద్దంలా ఉండాలనే పట్టుదల కూడా వదలండి. దీనికి మన ఊళ్లోనే పెద్ద పాఠం ఉంది. పిల్లను ఎత్తుకుని ఓ సాయంత్రం మెదక్ చర్చికి వెళ్లండి. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో దాన్ని కట్టే పని మొదలైంది. కరువు రోజుల్లో చుట్టుపక్కల పేదలకు పని, తిండి దొరికేలా కట్టించారు. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబర్ 25న తలుపులు తెరిచారు.

ఇప్పుడు లోపల అందరూ తలెత్తి చూసే రంగుటద్దాల కిటికీలు ఉన్నాయే, అవి ఆ రోజుకు లేవు. క్రీస్తు ఆరోహణం కిటికీ 1927లో వచ్చింది. బాలయేసు పుట్టుక కిటికీ 1947లో, శిలువ కిటికీ 1958లో వచ్చాయి. మూడూ పూర్తయ్యేసరికి తలుపులు తెరిచి 34 ఏళ్లు. అందాకా ప్రార్థనలు ఆగలేదు, క్రిస్మస్‌లు ఆగలేదు.

మీ వంటల వీడియోకు మంచి లైటు లేదా? కిటికీ దగ్గర నిలబడి తీయండి. జాకెట్టు కుట్టు ఇంకా వంకర పోతోందా? ముందు చెల్లెలికి కుట్టివ్వండి. దుకాణానికి ఏసీ, అద్దాల తలుపు తర్వాత వస్తాయి. ముందు వాడుకలోకి తెండి, అద్దాలు నిదానంగా బిగించుకోవచ్చు.

బిడ్డే పాఠం కావచ్చు

చదువు, కుట్టు, వ్యాపారం ఏవీ వద్దనిపిస్తే ఇంకో దారి ఉంది. శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్‌కు 1839 డిసెంబర్‌లో తొలి కొడుకు పుట్టాడు. ఆయన వాణ్ని చూస్తూ నోట్సు రాయడం మొదలుపెట్టాడు. ఏడో రోజున అరికాలికి కాగితం ముక్క తాకిస్తే పిల్లాడు కాలు వెనక్కి లాక్కుని వేళ్లు ముడిచాడని రాసుకున్నాడు. ఎప్పుడు నవ్వాడు, ఎప్పుడు కోపం చూపాడు, ఏ చప్పుడుకు ఉలిక్కిపడ్డాడు, అన్నీ అలాగే రాశాడు. ఆ నోట్సును వ్యాసంగా అచ్చువేసింది 1877లో. అంటే 37 ఏళ్ల తర్వాత. పిల్లల ఎదుగుదలను శాస్త్రంగా చదివిన తొలి రచనల్లో దానికి చోటుంది.

మనకు శాస్త్రం అక్కర్లేదు. ఒక నోట్‌బుక్, రోజుకు రెండు వాక్యాలు. ‘ఇవాళ ఫ్యాను వంక చూసి ఊ కొట్టింది. తాత దగ్గితే నవ్వింది.’ రాయడానికి రెండు నిమిషాలు. ఏడాదికి ఒక పుస్తకం తయారవుతుంది. పెళ్లీడుకొచ్చిన బిడ్డ చేతిలో పెట్టడానికి అంతకు మించిన బంగారం దొరకదు.

అడుగంటక ముందే దించండి

కాన్పయిన రెండు మూడు రోజులకు చాలామంది తల్లులకు ఊరికే ఏడుపొస్తుంది, చిరాకేస్తుంది. మామూలుగా రెండు వారాల్లో సర్దుకుంటుంది. అది దాటినా దిగులు వదలకపోతే, బిడ్డను ఎత్తుకోబుద్ధి కాకపోతే, బతకడం ఎందుకనిపిస్తే సొంత పని సంగతి అటుంచండి, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గాలి సోకిందని తాయెత్తు కట్టి ఊరుకోకండి. ఏఎన్‌ఎంకు, ఆశా కార్యకర్తకు చెప్పండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఫోన్ ఉచితం, రాత్రీపగలూ పలుకుతారు. ఇది తల్లి బలహీనత కాదు, వైద్యంతో తగ్గే జబ్బు.

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. మీరూ ఈ వారం అలాగే చూడండి. ఒక్క అరగంట, ఒక్క పని, దానికి బిడ్డను పట్టుకునే ఒక్క మనిషి. ఏడు రోజుల్లో నాలుగు రోజులు జరిగినా మీ ఇంటి అన్నం ఉడికినట్టే.

బాలింత ఉన్న ఇంట్లో మీరు భర్తయినా, అత్తమ్మయినా, ఆడబిడ్డయినా, మరిదయినా సరే, ఆమె అడిగేదాకా ఆగకండి. ఇది చదవడం అయిపోయింది కదా, పత్రిక పక్కన పెట్టి వెళ్లి పాపను ఎత్తుకోండి.