షుగరు కొత్త మందులు: ధర దిగినా పల్లెకు చేరనివి

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో షుగరు జబ్బు కొత్త మాట కాదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో పది కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నదని తేల్చింది. పట్టణాల్లో నూటికి 16.4 మంది, పల్లెల్లో 8.9 మంది. పల్లెల్లో తక్కువే కదా అనుకోవద్దు. అక్కడ జబ్బు బయటపడేదే ఆలస్యంగా. కాలి పుండు మానకపోతేనో, చూపు మసకబారితేనో అప్పుడు రక్త పరీక్ష చేయించుకుంటారు. ఈ వ్యాసంలో మేము జబ్బు గురించి కాక మందు గురించి చెప్పదలిచాం. మేము డాక్టర్లం కాము, పాఠం చెప్పేవాళ్లం. కనుక లెక్క చెప్పి, ఆ లెక్క ఎక్కడ తప్పుతున్నదో చూపుతాం.

సర్కారు దవాఖానల్లో షుగరుకు సాధారణంగా ఇచ్చే గోలీలు రెండు: మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. మెట్‌ఫార్మిన్ పాతదని చిన్నచూపు చూడరాదు. చవకైనది, నమ్మదగినది, నేటికీ చాలామందికి మొదట రాసే మందు అదే. గ్లిమెపిరైడ్‌తో ఒక చిక్కున్నది. అది క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను బలవంతంగా విడుదల చేయిస్తుంది. వేళకు అన్నం తినకపోతే షుగరు ఒక్కసారిగా పడిపోయి చెమటలు, కళ్లు తిరగడం మొదలవుతాయి. మధ్యాహ్న భోజనం ఎప్పుడు దొరుకుతుందో తెలియని కూలీకి, రోజా ఉండే వృద్ధురాలికి ఇది చిన్న సంగతి కాదు.

కొత్త మందులు మూడు రకాలు. సిటాగ్లిప్టిన్ వంటి గ్లిప్టిన్లకు ఒంటరిగా వాడితే షుగరును మరీ కిందికి పడేసే గుణం తక్కువ. రెండో రకం ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్. ఇవి మూత్రపిండాల ద్వారా అదనపు చక్కెరను బయటికి పంపుతాయి. మేము ముఖ్యంగా చెప్పదలిచింది వీటి గురించే. గుండెజబ్బు కూడా ఉన్న షుగరు రోగుల్లో ఎంపాగ్లిఫ్లోజిన్ గుండె, రక్తనాళాల జబ్బు వల్ల కలిగే మరణాలను మూడో వంతుకు పైగా తగ్గించిందని 2015లో ఒక పెద్ద పరిశోధన చూపింది. మూత్రపిండాలు పాడయ్యే వేగాన్ని డాపాగ్లిఫ్లోజిన్ తగ్గిస్తుందని 2020లో మరొకటి చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ రకాన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మూడో రకం వారానికొక సూది.

ఇక లెక్క. మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 2025-26లో రోజుకు 307 రూపాయలు. ఎంపాగ్లిఫ్లోజిన్ గోలీ ఒక్కటి సుమారు 60 రూపాయలున్న రోజుల్లో నెలకు 1,800, అంటే దాదాపు ఆరు రోజుల కూలి. 2025 మార్చిలో పేటెంట్ ముగిసింది. వెంటనే మన కంపెనీలు పోటీపడి తయారుచేశాయి. ఇప్పుడు పది రూపాయల లోపు గోలీలు కూడా ఉన్నాయి. నెలకు 300, ఒక రోజు కూలి. సిటాగ్లిప్టిన్ కథా ఇదే. 2022లో పేటెంట్ పోయాక జన ఔషధి దుకాణాల్లో 50 మిల్లీగ్రాముల పది గోలీలను 60 రూపాయలకే పెట్టారు. సూది మాత్రం ఇంకా దూరమే. అదే 2025 మార్చిలో మన దేశానికి వచ్చినప్పుడు మౌంజారో ధర, అతి తక్కువ మోతాదుకే వారానికి 3,500. నెలకు పద్నాలుగు వేలు, నలభై అయిదు రోజుల కూలి! సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు 2026 మార్చి వరకే, ఆ తర్వాత దాని ధరా దిగవచ్చు.

ధర దిగితే మందు చేరాలి కదా? చేరడం లేదు. కారణం దూరం. దూరమంటే కిలోమీటర్లే కాదు. దేవరకొండ దాటి చందంపేట వైపు, అచ్చంపేట దాటి అమ్రాబాద్ వైపు ఉన్న తండాలు, గూడేల నుంచి షుగరు నిపుణుణ్ని చూడాలంటే జిల్లా కేంద్రానికో హైదరాబాదుకో పోవాలి. ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవారి కూలీ పోతుంది, బస్సు కిరాయి వేరు. మందు కంటే మందు చీటీయే ప్రియం. చీటీ మీద కంపెనీ పేరుంటుంది. అదే మందు పది రూపాయలకు వేరే పేరుతో ఉన్నదని అడిగే ధైర్యం చదువురాని మనిషికి ఎక్కడిది? ఇంట్లో ఇద్దరికి షుగరుంటే ముందు మగవాడి గోలీలు కొంటారు. ఆమెవి అయిపోయి పది రోజులైనా ఎవరూ అడగరు. ఇది మేము మా విద్యార్థుల ఇళ్లలో చూస్తున్నదే.

మరో వింత చూడండి. ఆరోగ్యశ్రీ కింద డయాలిసిస్ ఉచితం, 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి పది లక్షల దాకా వైద్యం. మంచిదే. కానీ ఆ పథకం ముఖ్యంగా దవాఖానలో చేరిన రోగి కోసం. మూత్రపిండం చెడకుండా కాపాడే రోజువారీ గోలీ రోగి జేబు ఖర్చే. మన దానాల తీరూ ఇంతే. డయాలిసిస్ రోగికి, కాలు తీసేసిన మనిషికి మనం వెంటనే చేయి చాస్తాం. పదేళ్ల ముందు ఆ మనిషికి నెలకు 300 రూపాయల మందు ఇవ్వాలన్న ఆలోచన రాదు, అప్పటికి ఆయన బాగానే కనిపిస్తాడు గనుక. ఏడాదికి ఒక మనిషికి 3,650 రూపాయలు.

అయితే బియ్యం పంచినట్టు ఈ గోలీలు పంచరాదు. డాక్టరు రాయాలి. ముందు క్రియాటినిన్ పరీక్ష కావాలి. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ఉన్నచోట పీహెచ్‌సీలో రక్తం ఇస్తే జిల్లా ల్యాబులో ఉచితంగా చేస్తారు. మూత్రం ఎక్కువ పోతుంది కనుక పాలమూరు ఎండలో పనిచేసేవారు నీళ్లు బాగా తాగాలి. మర్మావయవాల దగ్గర దురద, ఇన్ఫెక్షన్ రావచ్చు. ఆడవాళ్లు సిగ్గుపడి చెప్పక మందే మానేస్తారు. అందుకే శిబిరంలో ఒక లేడీ డాక్టరో నర్సో ఉండాలి. వాంతులు, విరేచనాలున్న రోజుల్లో, ఆపరేషనుకు ముందు గోలీ ఆపాలా అని డాక్టర్ని అడగాలి.

రోజా ఉండేవారి సంగతి మరీ ముఖ్యం. ఉపవాసాలకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే షుగరు రోగులు డాక్టరును కలవాలని నిపుణులు చెబుతారు. ఏ గోలీ ఇఫ్తార్‌కు మార్చాలి, ఏది తగ్గించాలి, ఎవరు అసలు రోజా ఉండరాదు అన్నది అప్పుడే తేల్చుకోవాలి. 2026లో రంజాన్ ఫిబ్రవరి మూడో వారంలో మొదలవుతుంది. కాబట్టి దాతలు శిబిరానికి ఇవ్వదలచుకున్నది డిసెంబరులోనే ఇస్తే, జనవరి మొదటి వారానికల్లా దేవరకొండలో ఒకటి, అచ్చంపేటలో ఒకటి పెట్టవచ్చు.