పేటెంట్ల పోరు

మేధస్సు కూడా ఆస్తియే. పొలానికి గట్టు ఎటువంటిదో నూతన ఆవిష్కరణకు పేటెంటు అటువంటిది. తాను కనుగొన్న మర్మాన్ని లోకానికి వెల్లడించిన వానికి, ఇతరులు దానిని వాడుకోకుండా నిలువరించే హక్కును ప్రభుత్వం సాధారణంగా 20 సంవత్సరాల గడువుతో ఇస్తుంది. గడువు తీరిన పిమ్మట అది సర్వజనుల సొత్తు. ఏర్పాటు చక్కనిదే. అయితే ఒక్క స్మార్ట్‌ఫోనులో వేలకొలది ఆవిష్కరణలు ఇమిడి ఉంటాయి. ఇన్ని గట్లు ఉన్నచోట తగవులు రాకుండా ఉంటాయా?

కెనడాకు చెందిన రిసెర్చ్ ఇన్ మోషన్ సంస్థ బ్లాక్‌బెర్రీ ఫోనులతో ప్రసిద్ధి పొందింది. తీగలు లేకుండా ఈ-మెయిల్ పంపే పద్ధతిపై తనకు పేటెంట్లు ఉన్నాయంటూ ఎన్.టి.పి. అనే అమెరికా సంస్థ 2001లో దానిపై దావా వేసింది. ఎన్.టి.పి. ఫోనులు తయారుచేసే సంస్థ కాదు. పేటెంట్లే దాని పెట్టుబడి. ఆ పేటెంట్లు చెల్లవని అమెరికా పేటెంటు కార్యాలయం ఒకవైపు తిరస్కరిస్తూనే ఉంది. అయినా, న్యాయస్థానం సేవలనే ఆపివేస్తుందేమోనన్న భయం వ్యాపారికి పరిహారం కంటె బరువైనది. 2006 మార్చిలో ఆ సంస్థ 61.25 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడింది. ఆ పద్ధతిని రూపొందించిన థామస్ కంపానా ఆ ధనాన్ని చూడలేదు. 2004లోనే ఆయన కన్నుమూశాడు.

ఇంతకంటె పెద్ద పోరు 2011 ఏప్రిల్‌లో మొదలైంది. శామ్‌సంగ్ తన ఐఫోన్‌ను అనుకరించిందని యాపిల్ కాలిఫోర్నియాలో దావా వేసింది. మూలలు గుండ్రంగా ఉన్న దీర్ఘచతురస్రాకారం, తెరపై బొమ్మల అమరిక, చివరికంటా జరిపిన పుట వెనుకకు తుళ్ళే తీరు కూడా వివాదాంశాలే! విచిత్రమేమంటే, ఆ రోజులలో ఐఫోన్‌కు ప్రాసెసర్ చిప్‌లను తయారుచేసి ఇచ్చినది శామ్‌సంగే. కోర్టులో వాది ప్రతివాదులు, బజారులో కొనుగోలుదారు అమ్మకందారు! 2012 ఆగస్టులో జ్యూరీ సుమారు 105 కోట్ల డాలర్ల పరిహారం విధించింది. వెలుపలి రూపాన్ని అనుకరించినందుకు ఫోను మొత్తంపై వచ్చిన లాభాన్ని చెల్లించాలా? అలా కానక్కరలేదని, ఫోనులోని ఒక భాగం వరకే లెక్కించవచ్చునని అమెరికా సుప్రీంకోర్టు 2016లో తేల్చింది. 2018 మే నెలలో మరొక జ్యూరీ 53.9 కోట్ల డాలర్లని నిర్ణయించింది. మరుసటి నెలలోనే ఉభయులూ రాజీపడ్డారు.

ఆండ్రాయిడ్‌ను రూపొందించిన గూగుల్ ఇదంతా చూస్తూ ఊరుకోలేదు. దివాలా తీసిన కెనడా సంస్థ నార్టెల్‌కు చెందిన సుమారు 6000 పేటెంట్లు 2011లో వేలానికి వచ్చాయి. గూగుల్ 90 కోట్ల డాలర్లతో పాట మొదలుపెట్టింది. యాపిల్, మైక్రోసాఫ్ట్ తదితర సంస్థల కూటమి 450 కోట్లకు వాటిని దక్కించుకున్నది. కొద్ది వారాలకే గూగుల్, మోటరోలా మొబిలిటీని 1250 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. తనపై ఎవరైనా దావా వేస్తే ఎదురుదావా వేయడానికి ఆయుధాలు కావాలి గదా! 2014లో ఆ ఫోనుల వ్యాపారాన్ని చైనా సంస్థ లెనోవోకు 291 కోట్ల డాలర్లకు అమ్మివేసింది. పేటెంట్లలో అధికభాగాన్ని మాత్రం తన వద్దనే ఉంచుకున్నది.