పేరు మారిన వైద్యపత్రికను వెదకుట



మదనపల్లెకు సమీపమున ఆరోగ్యవరమునందు క్షయరోగుల కొఱకు మిషనులవారు 1915వ సంవత్సరమున వైద్యశాల తెఱచిరి. 1950 మొదలు అచ్చటి వైద్యులు చుట్టుపట్ల పల్లెల ప్రజలను పరీక్షించి, బి.సి.జి. టీకా క్షయ నెంతవఱకు నివారించునో పరిశోధించిరి. ఆ పరిశోధనపు నాలుగవ నివేదిక 1973లో వెలువడెను. దానిని చదువగోరువారికి లభించు ఆనవాలు "బుల్. ఇంట్. యూనియన్ ట్యుబర్క్. 48" అనునదియే.

ఇందు బుల్ అనగా వృషభము కాదు. బులెటిన్ అను మాటకు సంక్షేపము. క్షయనిరోధక అంతర్జాతీయ సంఘపు బులెటిన్, 48వ సంపుటము అని దాని భావము. అక్షరక్రమముగల పట్టికలో సంక్షేపనామ మొకచోటను, పూర్ణనామము వేఱొకచోటను పడును. కావున గ్రంథాలయాధికారి పత్రికను పూర్ణనామముక్రిందనే వ్రాసి, సంక్షేపనామమువద్ద "ఫలానా పేరు చూడుము" అని దారి చూపును.

ఇంకొక చిక్కు గలదు. ఆ బులెటిన్ 1992లో, 1919 నుండి వెలువడుచుండిన "ట్యూబర్కిల్" పత్రికతో కలసి "ట్యూబర్కిల్ అండ్ లంగ్ డిసీజ్" అయ్యెను. 1997లో సంఘమువారు వేఱు పత్రికను స్థాపించుకొనిరి. మిగిలినది 2001లో "ట్యూబర్కులోసిస్" అను పేరు దాల్చెను.

అన్నిటిని క్రొత్త పేరుక్రిందనే చేర్చరాదా యందురేమో. చేర్చినచో 1973 నాటి ఆనవాలు పట్టుకొని వచ్చినవానికి ఆ పేరే కానరాదు; సంపుటపు వీపుమీదను పాతపేరే యున్నది గదా! కావున ముఖ్యమైన మార్పు గలిగినపుడెల్ల క్రొత్త పత్రము వ్రాసి, "దీని పూర్వనామ మిది", "తరువాతి నామ మిది" అని రెండింటను గుర్తింతురు. పెండ్లియైన ఆడుబిడ్డకు పుట్టినిల్లు, మెట్టినిల్లు రెండును చెప్పినట్లే యిదియు. పేరు ముఖ్యముగా మారినపుడు ఎనిమిదంకెల అంతర్జాతీయ సంఖ్యయు క్రొత్తది యిత్తురు. నేడు పత్రములకు బదులు కంప్యూటరు వచ్చినను పద్ధతి యిదియే.

గూటిలో భద్రముగానున్న నివేదికయైనను పట్టికలో దారి తప్పినచో లేనిదానితో సమానము. మన సీమ పల్లెవారు తమ దేహముల నొప్పగించి సంపాదించి పెట్టిన జ్ఞానము అట్లు మఱుగుపడరాదు. కనుక మీరును ఎచ్చటనుండి యే విషయము గ్రహించినను, పత్రిక పూర్ణనామమును, సంపుటమును, సంవత్సరమును, పుటను తప్పక వ్రాసికొనుడు.