రైలింజను నమూనా – కొలత విలువ

ఉద్దేశం

గతించిన యంత్రయుగ స్మృతిని భద్రపరచడంలో నమూనాల పాత్రను తెలియజేయడం, కొలత పట్ల నిజాయితీని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

నాటి కరీంనగర్ జిల్లాలో, నేటి జగిత్యాల జిల్లాలో ఉన్న మెట్‌పల్లి ఖద్దరుకు పేరొందిన పట్టణం. పెద్దపల్లి–నిజామాబాదు రైలుమార్గం 2017లో పూర్తి కావడంతో ఈ ప్రాంత ప్రజల చిరకాల వాంఛ నెరవేరింది. కాని రైలు ఈ ఊరికి చేరేనాటికే పాత డీజిలు ఇంజన్ల యుగం అస్తమిస్తూ ఉన్నది. కాజీపేట షెడ్డుకు చెందిన డబ్ల్యూ.డి.ఎం.-2 ఇంజన్లు ఒకప్పుడు తెలంగాణమంతటా బండ్లను లాగాయి. విద్యుదీకరణ విస్తరించిన కొద్దీ అవి ఒక్కొక్కటిగా తుక్కు క్రింద పోయాయి. రేపటి విద్యార్థికి ఆ ఇంజను ఎలా ఉండేదో చెప్పగలిగేవి కొన్ని ఛాయాచిత్రాలు, సంగ్రహశాలలలో మిగిలిన కొన్ని యంత్రాలు, ఆపైన నమూనాలు మాత్రమే. అందుచేత నమూనా తప్పయితే చరిత్రయే తప్పుగా మిగులుతుంది.

బొమ్మకు, నమూనాకు భేదం ఉన్నది. పొణికి చెక్కతో నిర్మల్ కళాకారుడు చేసిన పక్షి మన మనసును అలరిస్తుంది. దాని ముక్కు ఎంత పొడవుండాలో నిర్ణయించే స్వేచ్ఛ అతనిది. నమూనా నిర్మాతకు ఆ స్వేచ్ఛ లేదు. అతడు అసలు వస్తువుకు కట్టుబడినవాడు.

డబ్ల్యూ.డి.ఎం.-2 అమెరికాకు చెందిన ఆల్కో సంస్థ రూపకల్పన. 1962లో మన దేశానికి వచ్చింది. 1964 నుండి వారణాసిలోని డీజిలు ఇంజన్ల కర్మాగారంలో తయారైంది. పేరులోని మూడు అక్షరాలు వరుసగా బ్రాడ్‌గేజిని, డీజిలును, ప్రయాణికుల బండ్లకూ గూడ్సు బండ్లకూ పనికివచ్చే మిశ్రమ వినియోగాన్ని సూచిస్తాయి. పదహారు సిలిండర్లతో 2600 అశ్వశక్తిని ఇచ్చే ఈ యంత్రం పొడవు 17,120 మిల్లీమీటర్లు, ఎత్తు 4,185 మిల్లీమీటర్లు, బరువు 112.8 టన్నులు.

ప్రపంచంలో విస్తృతంగా వాడుకలో ఉన్న నమూనా ప్రమాణం 'హెచ్.ఓ.'. అందులో ప్రతి కొలతా అసలులో 87వ వంతు. ఆ లెక్కన మన ఇంజను పొడవు దాదాపు 197 మిల్లీమీటర్లు, ఎత్తు 48 మిల్లీమీటర్లు. అరచేతిలో ఇమిడే వస్తువు! బరువు మాత్రం 87వ వంతు కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కనుక 87ను మూడు మార్లు హెచ్చించి, వచ్చిన సంఖ్యతో భాగించాలి. అప్పుడు 112.8 టన్నులు సుమారు 171 గ్రాములవుతాయి. అంత తేలికైన నమూనా పట్టాలపై పట్టు చిక్కక జారవచ్చును. కనుక నిర్మాతలు లోపల అదనపు బరువు ఉంచుతారు.

అసలు చిక్కు పట్టాల దగ్గర వస్తుంది. మన బ్రాడ్‌గేజి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. దానిలో 87వ వంతు 19.3 మిల్లీమీటర్లు. కాని అంగడిలో దొరికే హెచ్.ఓ. పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లే. అది పాశ్చాత్య దేశాల 1,435 మిల్లీమీటర్ల మార్గాన్ని అనుసరించి ఏర్పడిన కొలత. ఆ పట్టాలపై నిలిపిన భారతీయ ఇంజను ఇరుకు కాళ్లపై నిలిచిన ఏనుగు వలె కనిపిస్తుంది. సరియైన వెడల్పు కావాలంటే చక్రాలనూ పట్టాలనూ స్వయంగా చేసుకోవాలి. అది శక్తికి మించినదైతే రాజీ పడవచ్చును, కాని ఆ రాజీని దాచరాదు. "పట్టాల వెడల్పు ప్రమాణానుసారం లేదు" అని నమూనా పీఠంపై వ్రాసినవాడు చూపరికి మహోపకారం చేసినవాడవుతాడు.

కొలతలు కుదిరినంత మాత్రాన పని ముగియదు. ఇంజనుకు ఇరువైపుల ఉండే చక్రాల చట్రాలలో ఒక్కొక్కదానికి మూడు ఇరుసులు ఉంటాయి. మోటార్ల అమరిక వలన నడిమి ఇరుసు సరిగ్గా మధ్యన ఉండదు. అందం కోసం దానిని మధ్యకు జరిపితే ఆ యంత్రం స్వభావమే మారుతుంది. నీటిని చల్లబరచే రేడియేటరు, దాని పంకా పొడవైన ముందరి భాగపు చివరన ఉంటాయి. ఏ భాగం ఏ పని చేస్తుందో తెలిసినవాడు దానిని వేరొక చోట అతికించడు.

కాలాన్ని కూడా గమనించాలి. ఒకే ఇంజను 1970లో ఒక రూపాన, 1995లో మరొక రూపాన ఉండవచ్చును. రంగులు, దీపాలు, బ్రేకుల గొట్టాలు మారుతూ వచ్చాయి. సంఖ్యలు సైతం మోసపుచ్చుతాయి. ఈ తరగతిలో తొలి ఇంజన్ల సంఖ్యలు 18040తో మొదలయ్యాయి. 17 వేల, 16 వేల వరుసలు తరువాత వచ్చాయి. కనుక చిన్న సంఖ్య గలది పాతదని ఊహించరాదు. ఏ సంవత్సరపు రూపాన్ని చేస్తున్నామో ముందే నిర్ణయించుకొని, ఆ నాటి ఛాయాచిత్రంతో ప్రతి వివరాన్నీ సరిచూసుకోవాలి.

ఈ సాధనకు ఖరీదైన పనిముట్లు అక్కరలేదు. అట్ట, స్కేలు, కత్తెర, లెక్కించే ఓపిక చాలు. మెట్‌పల్లి స్టేషను ప్లాట్‌ఫారం బల్లతోనైనా అభ్యాసం మొదలుపెట్టవచ్చును. పట్టాల మీదికి మాత్రం దిగరాదు. కొలిచి, భాగించి, గీసి, పోల్చి చూసే విద్యార్థికి ఇంజను రూపంతో పాటు సత్యాన్వేషణ పద్ధతి కూడా అలవడుతుంది. తెలిసినది తెలిసినట్లు, మార్చినది మార్చినట్లు చెప్పడమే నమూనా నిర్మాత ధర్మం. చరిత్ర వ్రాసేవాని ధర్మమూ అదే.

అభ్యాసం

అర్థాలు: వాంఛ = కోరిక; అస్తమించు = అంతరించు; పీఠం = ఆధారపు దిమ్మ; చూపరి = చూసేవాడు.

సంధులు: సత్య + అన్వేషణ = సత్యాన్వేషణ (సవర్ణదీర్ఘ సంధి); మహా + ఉపకారం = మహోపకారం (గుణసంధి).

ప్రశ్నలు
1. బొమ్మకు, నమూనాకు గల భేదాన్ని వివరించండి.
2. నమూనా బరువు అసలు బరువులో 87వ వంతు ఎందుకు కాదు?
3. "రాజీ పడవచ్చును, కాని ఆ రాజీని దాచరాదు" – ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
4. మీ తరగతి గదిని కొలిచి, 87వ వంతు ప్రమాణంలో దాని పటం గీయండి.